రిపోర్టుల మేస్టారు

మొన్న మా ఆసుపత్రిలో సంతాప సభ జరిగింది. మందుల షాపు పక్కనున్న అద్దాల గది ముందు బల్ల వేసి, దాని మీద ఫోటో పెట్టి, బంతిపూల దండ వేశారు. డైరెక్టరు గారు మాట్లాడుతూ, ఆ పెద్దమనిషి వల్ల మన ఆసుపత్రి రిపోర్టులకు ఒక హోదా వచ్చిందన్నారు. నర్సులు తలలు వంచుకుని నిలబడ్డారు. నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. ఓపీలో పేషెంట్లున్నారని చెప్పి లేచి వచ్చేశాను. ఆ వేళ ఓపీ ఖాళీగానే ఉంది.

పోయిన మనిషి గురించి మంచే చెప్పాలన్న మర్యాద మా కోనసీమలో కాస్త ఎక్కువ. ఆ మర్యాదకు కట్టుబడి మాట్లాడదామంటే నాకు ఒక్క వాక్యం కూడా దొరకలేదు. దాన్ని పక్కన పెడితే చెప్పడానికి చాలానే ఉంది.

ఆయన పేరు రాయను. పేరుతో ఎవరూ పిలవలేదు కూడా. మేస్టారు, అంతే. అమలాపురంలో నేను ఇంటర్ చదివినప్పుడు మాకు ఇంగ్లీషు చెప్పారు. కిటికీ వైపు చూస్తూ పాఠం చెప్పేవారు. బెంచీల మీద మేం ఉన్నామో లేమో ఆయనకు పట్టేది కాదు. ఒకరోజు సగం క్లాసు సినిమాకి వెళ్ళిపోయినా ఆయన వాక్యం మధ్యలో ఆగలేదు. మనుషుల కంటే వాక్యాలు ముఖ్యమని ఆయన అప్పటికే నిర్ణయించుకున్నారని నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు.

నేను డాక్టరునై తిరిగి అదే ఊళ్ళో చేరేసరికి ఆయన రిటైరై మా ఆసుపత్రిలోనే ఉన్నారు. పేషెంటును పరీక్ష చేశాక, చూసిందీ విన్నదీ చేతికి తగిలిందీ నేను ఫోనులోకి చెప్తాను. ప్రశాంతి అనే అమ్మాయి అది విని టైపు చేస్తుంది. స్పెల్లింగులు సరిచూడ్డానికని డైరెక్టరు గారు మేస్టారిని పెట్టారు. ఆయన ఒక్క స్పెల్లింగుల దగ్గర ఆగే మనిషి కాదు.

వాళ్ళిద్దరూ పనిచేసే అద్దాల గదిలో ఏసీ రిమోటు ఆయన చొక్కా జేబులో ఉండేది. సాయంత్రం ఇంటికి పోతూ దాన్ని కూడా తీసుకుపోయేవారు. ఆయన రాని రోజు ప్రశాంతి ఉక్కపోతలో టైపు చేసుకునేది. కాగితాన్ని చెయ్యి బారుగా చాపి, శుభలేఖ చదువుతున్నట్టు తల కాస్త వెనక్కి వాల్చి చూసేవారు. ముందు గొంతు సవరించుకునేవారు. తర్వాత పెన్ను మూత తీసేవారు. ఆ మూత చప్పుడు వింటే ప్రశాంతికి ఒళ్ళు మండేదట.

“ఇందులో తప్పేం ఉందండి?” అని ఆ పిల్ల అడిగేది.

“తప్పు కాదమ్మా. అందం లేదు,” అనేవారు.

ఆయన ఊతపదం అదే. ఒకే మాట రెండుసార్లు కనిపిస్తే ఆయనకు ఒంటి మీద జెర్రి పాకినట్టుండేది. మా పరీక్షలో ఉన్న మాటలే తక్కువ. పొట్ట మెత్తగా ఉంటే సాఫ్ట్ అంటాం. నొక్కితే నొప్పి లేకపోతే నాన్ టెండర్ అంటాం. ఒకరోజులో ఎంతమంది పొట్టలు అలా ఉంటే అన్నిసార్లూ అదే అంటాం. మేస్టారికి అది దరిద్రంగా అనిపించింది. ఒక పేషెంటు పొట్టని ‘సుకుమారమైనది’ అని ఇంగ్లీషులో రాశారు. ఇంకొకాయన పొట్ట చేతికి వినయంగా లొంగిందని రాశారు. ఆ లొంగినాయన కాట్రేనికోనలో రొయ్యల చెరువుల మీద మేనేజరు. ఎవరికీ వినయంగా లొంగే రకం కాదు.

నవ్వుకుని వదిలేయొచ్చు. మొదట్లో మేమందరం అలాగే నవ్వుకున్నాం. ఒకసారి గుండెలో మర్మర్ లేదని చెప్పాను. మర్మర్ అంటే స్టెతస్కోపులో వినిపించే అదనపు శబ్దం. మేస్టారు దాన్ని గొణుగుడు అనుకుని, రోగి గుండె గురించి ఏమీ గొణగలేదని రాశారు. నేను నా చెవితో విని చెప్పిన సంగతి ఆయన పెన్ను కింద రోగి నోటితో చెప్పని సంగతి అయిపోయింది. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో ఆయనకు చెప్పినా ఎక్కలేదు.

లివర్ సంగతి వచ్చినప్పుడు నాకు మొదటిసారి కోపం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న లివర్ మామూలుగా చేతికి తగలదు. తగల్లేదంటే మంచిదే. అదే చెప్పాను. ఆయన, లివర్ ఎంత వెతికినా కనిపించలేదన్న అర్థం వచ్చేలా రాశారు. ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి ఒకతను ఫోన్ చేశాడు.

“మేడమ్, పేషెంటుకి లివర్ తీసేసేరాండి?” అన్నాడు. పాపం, నిజంగానే అడిగాడు.

ఆ కాగితం పట్టుకుని అద్దాల గదికి వెళ్ళాను. లోపల పేషెంటు బంధువులు నిలబడి ఉన్నారు. “రండి డాక్టరుగారూ, కూర్చోండి,” అన్నారు మేస్టారు. వాళ్ళు బయటికి పోగానే, “ఏమ్మా, ఏంటి విషయం?” అన్నారు. నలుగురిలో ఉంటే నేను డాక్టరుగారిని. ఎవరూ లేకపోతే వెనక బెంచీ పిల్లని.

చెప్పాను. శ్రద్ధగా విన్నట్టే తల ఊపారు. చివరికి, “నువ్వు ఇంటర్లోనే ప్రెపొజిషన్లు సరిగా రాసేదానివి కాదమ్మా,” అన్నారు.

“మేస్టారూ, ఇవి నేను ఏరుకొచ్చిన మాటలు కావండి. నా వేళ్ళకి తగిలినవి. మీరు మాట మారిస్తే తగిలింది మారిపోతుంది.”

“వేళ్ళకి తగిలిందాన్ని భాషలోకి తేవడమే కదమ్మా విద్య,” అని, రిమోటు తీసి ఏసీ కాస్త పెంచారు. మాటలు అయిపోయాయని చెప్పడానికి ఆయనకు అదొక పద్ధతి.

డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. “మేస్టారి ఇంగ్లీషు చూసి ఇన్సూరెన్సు వాళ్ళు మారుమాట్లాడకుండా బిల్లులు పాస్ చేసేస్తున్నారండి. ఒక్క లివర్ కోసం ఆయన్ని బాధపెట్టడం ఎందుకండి,” అన్నారు. రిపోర్టుల కింద నా సంతకం కంప్యూటరులోంచి దానంతటది పడే ఏర్పాటు కూడా ఈ డైరెక్టరు గారిదే. అది తీసేయమని ఎన్నిసార్లు అడిగినా, “మీకెందుకండీ శ్రమ,” అనేవారు.

పేషెంట్లకు మాత్రం మేస్టారంటే దేవుడితో సమానం. వరండాలో నిలబెట్టి వాళ్ళ రిపోర్టు వాళ్ళకే ఇంగ్లీషులో గట్టిగా చదివి వినిపించేవారు. ఒక ముసలాయన చేతులు కట్టుకుని మొత్తం విని, “మా చర్చిలో పాస్టరు గారు చదివినట్టుందండి,” అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనకు ఉన్నది మూలశంక.

వీర్రాజు వచ్చింది ఆ తర్వాతి వేసవిలో. మామిడికుదురు మనిషి, కొబ్బరి దింపు తీస్తాడు. నున్నటి చెట్టు మీద కూడా బల్లిలా పాకి పోతాడని వాళ్ళావిడ మంగ గర్వంగా చెప్పేది. ఆ రోజు మాత్రం అతను నడుం దగ్గర వంగిపోయి, కుడివైపు చెయ్యి అదిమిపెట్టుకుని, ఒక్కో అడుగూ లాక్కుంటూ లోపలికి వచ్చాడు.

పడుకోబెట్టి చూశాను. పొట్ట కింద కుడివైపు మెల్లగా నొక్కాను. పళ్ళు బిగించాడు. ఒక్కసారిగా చెయ్యి తీసేశాను. అప్పుడు కేక వేశాడు. నొక్కినప్పటి కంటే చెయ్యి తీసినప్పుడు నొప్పి ఎక్కువైతే దాన్ని రీబౌండ్ టెండర్నెస్ అంటాం. పొట్ట లోపలి పొర దాకా జబ్బు పాకిందని అర్థం. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉంది, ఆలస్యం చెయ్యకూడదు. ఆ రెండు మాటల్లో ఇదంతా ఉంది. ఏ ఊరి డాక్టరు చదివినా కుర్చీలోంచి లేస్తాడు.

మా సర్జను గారు ఆ వారం ఊళ్ళో లేరు. కాకినాడలో నాకు తెలిసిన ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పి, అద్దాల గదిలోంచి రిపోర్టు ఇప్పించి, అంబులెన్సులో పంపేశాను. తీరా వెళ్తే అక్కడ మంచం ఖాళీ లేదు. డ్రైవరు వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ నా తరపున మాట్లాడడానికి ఆ కాగితం తప్ప ఏమీ లేదు.

ఆ కాగితం మీద మేస్టారు ఇలా రాశారు. పొట్టలోని నొప్పి నుంచి రోగి చక్కగా కోలుకుంటున్నాడు.

నేను చేసి పంపిన నొప్పి ఇంజక్షను దారిలో పనిచేసి వీర్రాజు కాస్త తేరుకుని ఉన్నాడు. అక్కడి డ్యూటీ డాక్టరు కాగితం చదివాడు, మనిషిని చూశాడు, రెండూ సరిపోయాయనుకున్నాడు. వార్డులో పడుకోబెట్టి, మర్నాడు పెద్ద డాక్టరుకి చూపిద్దామన్నాడు. మర్నాటికి అపెండిక్స్ పగిలి పొట్టంతా చీము నిండింది. చిన్న గాటుతో పోవాల్సింది, బొడ్డు పైనుంచి కిందిదాకా కోశారు. బతికాడు. బతకడానికి చాలా రోజులు పట్టింది.

ఆపరేషన్ చేసిన సర్జను నాకు ఫోన్ చేశారు. “కోలుకుంటున్నాడని రాసేరు కదండీ మీరు,” అన్నారు. ఆ గొంతులో ఉన్న మర్యాదకి నా చెంపలు వేడెక్కిపోయాయి.

ప్రశాంతిని పిలిచి ఆడియో పెట్టించాను. నా గొంతు స్పష్టంగా ఉంది. రీబౌండ్ టెండర్నెస్ ఉంది, అర్జెంటు. ఆ పిల్ల టైపు చేసిన మొదటి కాపీలోనూ అలాగే ఉంది. “నేను వద్దని చెప్పేనండి. ఆడియోలో ఇలాగే ఉందండి అన్నాను. వినలేదండి,” అంది. ఏడుస్తోంది.

మేస్టారికి వినిపించాను. కళ్ళు మూసుకుని, సంగీతం విన్నట్టు విన్నారు.

“నేను రాసిందీ అదేనమ్మా. రీబౌండ్ అంటే కిందపడి తిరిగి లేవడమే కదా. టెండర్నెస్ నుంచి తిరిగి లేస్తున్నాడన్నమాట. నీ వాక్యంలో అన్వయం కుదరక నేను సరిచేసి, ఆ అర్జెంటు కూడా తీసేశాను,” అంటూ సొరుగులోంచి డిక్షనరీ తీసి, పేజీ తిప్పి, నా వైపు జరిపారు. ఆయన వేలు కింద ఆ మాట, దానికి ఆయన చెప్పిన అర్థమూ నిజంగానే ఉన్నాయి. నాకు ఆ బరువైన పుస్తకంతో ఏం చెయ్యాలనిపించిందో రాయడం బాగుండదు.

మంగ ఒక నెల తర్వాత వచ్చింది. మొగుడిని ఇంటికి తెచ్చుకుంది. కాకినాడలో ఎవరో, మీ ఊరి కాగితంలో అలా ఉండబట్టే ఆగామని చెప్పారట. అది ఏంటో తెలుసుకుందామని వచ్చింది. నేను తన పక్కనే నిలబడ్డాను. నేనే చెప్తానన్నాను. “రాసినాయన్నే చెప్పనీయండి,” అంది.

మేస్టారు ఆవిడని కూర్చోమన్నారు. ఆ మర్యాదకి లోటు చెయ్యలేదు. గొంతు సవరించుకుని, కాగితం చెయ్యి బారుగా చాపి, ముందు ఇంగ్లీషులో చదివారు. తర్వాత తెలుగులో చెప్పారు.

మంగ అంతా విన్నది. “కోలుకుంటున్నాడని రాసేరాండి?” అంది.

“ఆ అర్థం వస్తుందమ్మా.”

“ఆ రోజు నిలబడలేక వంగిపోయి ఉన్నాడండి. ఈ గుమ్మం ముందునుంచే తీసుకెళ్ళేమండి. మీరు చూసేరాండి ఆయన్ని?”

“నేను పేషెంట్లని చూడనమ్మా. నేను భాష చూస్తాను.”

మంగ ఆయన మొహంలోకి అలాగే చూసింది. అరుస్తుందనుకున్నాను, అరవాలనీ కోరుకున్నాను. ఆవిడ “ఆయ్,” అని లేచి, చెంగు సర్దుకుని వెళ్ళిపోయింది. అలాగేనండి అనడానికి మా వైపు వాడే ఆ మాటని ఎన్నో రకాలుగా అంటారు. అలా అనగా నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

“పాపం, చదువు లేదు. అర్థం కాలేదు,” అన్నారు మేస్టారు నాతో.

వీర్రాజు మళ్ళీ చెట్టెక్కలేదు. కుట్లు వేసిన చోట పొట్ట గోడ బలహీనపడి, బరువెత్తితే లోపలి పేగు ఉబికి వస్తోంది. ఇప్పుడు తాటిపాకలో ఒక గోదాము దగ్గర కాపలా ఉంటున్నాడు. పగలంతా ఎదురుగా కొబ్బరిచెట్లు కనిపిస్తుంటే కుర్చీ తిప్పుకుని కూర్చుంటాడని మంగ చెప్పింది.

నేను రాజీనామా కాగితం డైరెక్టరు గారి బల్ల మీద పెడితే అప్పుడు కదిలారు. మేస్టారిని తీసేయలేదు. పరీక్ష భాగం మాత్రం ఆయన ముట్టుకోకూడదన్నారు, సంతకం నేనే పెట్టుకునేలా మార్చారు. మేస్టారు ఆ అవమానాన్ని హుందాగా భరించారు. పేషెంటు చెప్పుకున్న బాధల భాగం దిద్దుకుంటూ గడిపారు. ‘దగ్గు’ అన్నచోట ‘కంఠాన్ని కలచివేసే దగ్గు’ అని రాసుకునేవారు. దానివల్ల ఎవరికీ ప్రాణాపాయం లేదు కాబట్టి వదిలేశాను. నాతో మాట్లాడడం తగ్గించారు. ఎదురుపడితే ఎవరూ లేకపోయినా “డాక్టరుగారూ” అనేవారు.

ఈ మధ్య ఆయనే నా గదికి వచ్చారు. చొక్కా వదులై భుజాల మీంచి జారుతోంది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఇంత చిక్కేదాకా ఎందుకు చూపించుకోలేదని అడిగాను.

“ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళొచ్చు. కానీ నీ వాక్యాలు నాకు అలవాటు కదమ్మా,” అన్నారు. మళ్ళీ ‘అమ్మా’ వచ్చింది.

పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి వేశాను. అన్నేళ్ళ పరిచయంలో ఆయన్ని తాకడం అదే మొదలు. పక్కటెముకల కింద లివర్ వెతకనక్కర్లేకుండా తగిలింది. రాయిలా ఉంది. అంచు గతుకులు గతుకులుగా ఉంది. నా వేళ్ళకి అంతా తెలిసిపోయింది. ఎప్పట్లాగే ఫోను తీసి, ఆయన ముందే చెప్పడం మొదలుపెట్టాను. లివర్ తగులుతోంది, హార్డ్, అంచు సమంగా లేదు.

మేస్టారు చెయ్యి ఎత్తారు. ఫోను ఆపాను.

“హార్డ్ అన్నావు. ఆ మాట బాగోదమ్మా. మొరటుగా ఉంది. ఫర్మ్ అను.”

మా డాక్టర్లకి ఆ రెండు మాటల మధ్య తేడా చాలా పెద్దది. ఫర్మ్ అంటే ఇంకా రకరకాల ఆశలుంటాయి. హార్డ్ అంటే ఒకటే అనుమానం వస్తుంది. ఎందుకో ఆయన్ని మందలించాలనిపించలేదు.

“మేస్టారూ, మీ ముక్కు కొన ముట్టుకోండి.”

ముట్టుకున్నారు.

“అది ఫర్మ్. ఇప్పుడు నుదురు ముట్టుకోండి. అది హార్డ్. మాకు కాలేజీలో ఇలాగే నేర్పారు. ఇందులో అందం ఏమీ లేదండి.”

నుదుటి మీద వేళ్ళు పెట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. కిటికీ వైపు చూడలేదు. నా వైపే చూశారు. “ఆయ్,” అన్నారు.

ఆ నిమిషంలో నాకు జాలి కలిగిందని ఒప్పుకుంటాను. ఒక్క మాటనైనా ఉన్నది ఉన్నట్టు వదిలేశారనుకున్నాను. రిపోర్టు ప్రింటు తీయించి, సంతకం పెట్టి, విశాఖపట్నంలో క్యాన్సరు డాక్టరు దగ్గరికి పంపించాను. వాళ్ళబ్బాయి కారులో తీసుకెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ డాక్టరు ఫోన్ చేశారు.

“మీ రిపోర్టులో ఒక మాట పెన్నుతో కొట్టేసి పైన ఇంకోటి రాసుందండి. లివర్ ఫర్మ్ అని. నా చేతికి అలా లేదు. మీరే మార్చారా?”

“లేదండి. నేను హార్డ్ అనే చెప్పాను. మీ చేతికి తగిలిందే నమ్మండి.”

“మరి ఇది దిద్దిందెవరు?”

“పేషెంటేనండి.”

అటువైపు కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

“పక్కన పొట్టి సంతకం కూడా పెట్టేరండి,” అన్నారాయన.